తొంభై అయిదు దాటిన దంపతులు

సోమవారం ఉదయం పదీ ఇరవైకి కంప్యూటర్ తెర మీద నూరు అన్న అంకె ఆకుపచ్చగా వెలిగింది. అప్పుడు సువర్చల చేతిలో సగం కొరికిన కాజా ఉంది. పాకం ముంజేతి దాకా కారుతున్నా ఆమె చూసుకోలేదు.

"ఏవండీ, నూరు," అంది, పక్కనున్న అట్ట తడికని వేలితో తట్టి.

"నాకూ కనిపిస్తోంది," అన్నాడు తడిక అవతల నుంచి తారకేశ్వర్. "చుక్క పెట్టి ఏదో ఉందేమో సరిగ్గా చూడు."

"చుక్కా లేదు, ఏమీ లేదు. ఒకటి, పక్కన రెండు సున్నాలు. రెండుసార్లు లెక్కపెట్టాను."

వాళ్ళకి పెళ్ళయి పందొమ్మిది రోజులైంది. ఈ పందొమ్మిది రోజుల్లో సువర్చలకి సంతోషం కలిగించని వస్తువు కాకినాడ పట్నంలో లేదు. కొత్త పొయ్యి మొదటి తిప్పుకే అంటుకుంటే సంతోషం. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు భుజాలు ఆనించుకుని నిలబడితే సంతోషం. కూరలమ్మే ఆవిడ "కొత్త కోడలివా అమ్మా" అని అడిగి నాలుగు రెబ్బలు కరివేపాకు ఊరికే వేస్తే ఆ పూటంతా సంతోషం. అటువంటి మనిషికి ఆఫీసులో నూటికి నూరు వస్తే ఇంక నేల మీద కాలు నిలుస్తుందా.

ఆ నూరు దేనికో చెప్పాలి. రాష్ట్ర పదసంబంధ నిధి సంస్థ అనేది మత్స్యశాఖ వారు వదిలేసిపోయిన పాత ఐసు గిడ్డంగిలో ఉంది. కంప్యూటర్లకి తెలుగు మాటల చుట్టరికాలు నేర్పడం దాని పని. ఇల్లూ వాకిలీ ఒకచోట ఉంటాయని, ఉప్పూ పప్పూ ఒకే గిన్నెలో కలుస్తాయని యంత్రానికి పుట్టుకతో తెలియదు. ఎవరో కూర్చుని చెప్పాలి. అందుకని ప్రతి గురువారం రెండు వందల జతల మాటలు తెర మీదికి వస్తాయి. గొడుగు, వాన. చేప, బడి. ఆ రెండు మాటలూ ఎంత దగ్గరి చుట్టాలో చూసి సున్నా నుంచి అయిదు లోపు ఒక అంకె వెయ్యాలి. ఒక్కరే వేస్తే అది సొంత అభిప్రాయం. ఇద్దరు విడివిడిగా వేసి, అంకెలు కలిస్తే అది భాష. అందుకే ప్రతి జత మాటలనీ ఇద్దరు చూస్తారు, ఇద్దరి మధ్యా ఒక అట్ట తడిక ఉంటుంది. ఆ ఇద్దరి అంకెలూ నూటికి ఎన్నిసార్లు కలిశాయో సోమవారం నాడు నివేదిక వస్తుంది. దాన్ని ఏకాభిప్రాయ నివేదిక అంటారు. అచ్చుతీసి గోడకి అంటిస్తారు.

సువర్చలా తారకేశ్వర్ల సంగతి వాళ్ళ ఇళ్ళలో తెలియడానికి నాలుగు నెలల ముందే ఆ గోడకి తెలిసిపోయింది. ఉగాది వారంలో ఎనభై రెండు. కొత్తావకాయ రుచి చూపించుకున్న వారంలో ఎనభై ఏడు. వాన పట్టుకుని ఇద్దరూ గంటన్నరసేపు బస్టాపులో చిక్కుపడిన వారంలో తొంభై ఒకటి. ఆ పై వారం కాగితం అంటిస్తూ సూపరింటెండెంటు మంగతాయారు గారు, "తొంభై మూడమ్మా. ఇంక మీ నాన్నగారితో చెప్పెయ్యి. బయటి వాళ్ళు చెప్తే బాగోదు," అంది.

నూరు వచ్చిందన్న కబురు అందగానే సంచాలకులు గజాననరావు గారు స్వయంగా గదిలోకి వచ్చారు. ఆయన మామూలుగా మాట్లాడగా ఎవరూ వినలేదు. కాఫీ కావలసి వస్తే కూడా ఉత్తర్వు చదివినట్టే అడుగుతారు.

"సంస్థ ఆవిర్భావము నాటి నుండి నేటి వరకు కనివిని ఎరుగని పరిపూర్ణ ఏకాభిప్రాయము సాధింపబడినది," అన్నారు. "ఇది నా హయాములో సంభవించుట కాకతాళీయము కాదని భావించుచున్నాను. దంపతులు ఇటు రండి. నేను మధ్యన నిలబడెదను."

ఫొటో తీశారు. మరో డబ్బా కాజాలు తెప్పించారు. సంచాలకుల కుడిచెయ్యి తారకేశ్వర్ భుజం మీద ఉండగానే మంగతాయారు గారు కళ్ళద్దాలు సవరించుకుంది. ఆవిడ ఇరవై రెండేళ్ళు మత్స్యశాఖలో పనిచేసింది. శాఖ వెళ్ళిపోయినా, ఐసు గిడ్డంగితో పాటు ఆవిడ ఉండిపోయింది. మాటల్ని ఇప్పటికీ సరుకు అనే అంటుంది.

"సార్, చిన్న మాటండి. పద్నాలుగో నిబంధనండి."

"ఏమున్నది అందు?"

"అందు చాలా ఉందండి," అంటూ ఆవిడ పుస్తకం తెరిచి చదివింది. "పద్నాలుగు ఎ. ఏకాభిప్రాయము ఎనభైకి తగ్గిన యెడల అది అశ్రద్ధగా పరిగణింపబడును. పద్నాలుగు బి. తొంభై అయిదు దాటిన యెడల అది చూచిరాతగా పరిగణింపబడును. అట్టి ఇరువురిని వేర్వేరు కేంద్రములకు బదిలీ చేయవలెను. తదుపరి మూడు నివేదికలలోగా తొంభై అయిదుకు దిగినచో బదిలీ రద్దగును."

సంచాలకుల చెయ్యి తారకేశ్వర్ భుజం మీద నుంచి వేడి గిన్నె మీద నుంచి లేచినట్టు లేచింది.

"కేంద్రాలు ఎన్ని ఉన్నాయండీ?" అని అడిగింది సువర్చల.

"రెండమ్మా. ఇదొకటి, కర్నూలొకటి."

సువర్చల మనసులో రాష్ట్ర పటం పరుచుకుంది. సముద్రం పక్కన కాకినాడ. ఆ పటం పట్టుకుని వేలు ఎంత దూరం జరిపితే అంత దూరంలో కర్నూలు. గ్లాసులో ఒక బ్రష్షు.

"మేం చూసి రాయలేదండి, తాయారు గారూ."

"రాశారని ఎవరన్నారు? చూసి రాస్తే తొంభై ఎనిమిదే వచ్చేది. ఎక్కడో ఓ చోట తప్పు ఎక్కించి ఉందురు. నూరు వచ్చిందంటే నిజాయితీగానే చేశారు. కానీ నిబంధనకి అంకె కనపడుద్ది గాని మనిషి కనపడడు కదమ్మా."

"అయితే ఈ గురువారం కొన్ని తేడాగా వేసేస్తాం," అన్నాడు తారకేశ్వర్.

మంగతాయారు గారు పేజీ తిప్పింది. "పద్నాలుగు సి. బుద్ధిపూర్వకముగా తప్పు అంకె వేసిన వారు ఉద్యోగము నుండి తొలగింపబడుదురు. విభేదము సహజముగా కలుగవలెను."

సంచాలకులు కాజా డబ్బా మూత పెట్టించారు. ఫొటో తుడిచెయ్యమన్నారు. ఆ తరవాత, "సహజ విభేదమును పెంపొందించు బాధ్యతను సంస్థయే స్వీకరించును," అన్నారు.

*

మొదటి ఉత్తర్వు ఆ మధ్యాహ్నమే వచ్చింది. శ్రీమతి సువర్చల గారు పూర్వపు రొయ్యలు తూచు గదియందును, శ్రీ తారకేశ్వర్ గారు పూర్వపు ఐసు దిమ్మల గదియందును కూర్చుండవలెను. ఒకరు టీ, ఒకరు కాఫీ సేవింపవలెను. ఒకరు చదివిన పత్రిక ఇంకొకరు చదువరాదు. ఆఫీసుకు వచ్చునపుడు ఒకరు పాత వంతెన మీదుగాను, ఒకరు కొత్త వంతెన మీదుగాను రావలెను. భిన్న మార్గములు భిన్న భావములకు దారితీయును.

సువర్చల తూకం గదిలో కూర్చుంది. గోడ మీద ఇంకా పెద్ద త్రాసు వేలాడుతోంది. అందులో మధ్యాహ్నం పూట పిచ్చుకలు వచ్చి కూర్చుంటే అటు ఒకటి ఇటు ఒకటి సరిగ్గా తూగాయి. ఆ సంగతి వెంటనే చెప్పుకోవడానికి మనిషి పక్కన లేడు కాబట్టి చీటీ రాసి భోజనం క్యారేజీ పైగిన్నెలో పెట్టి పంపింది. అతను తిరుగు చీటీలో, "ఐసు గదిలో ఒక గోడ ఇప్పటికీ చల్లగా ఉంది. చెంప ఆనించి చూశాను," అని రాశాడు. సాయంత్రం అతను పాత వంతెన దిగి, ఆమె కొత్త వంతెన దిగి, ఒకే సోడా బండి దగ్గర కలుసుకున్నారు. ఉత్తర్వులో ఆఫీసుకు వచ్చేటప్పుడు అనే ఉంది గాని వెళ్ళేటప్పుడు అని లేదు.

సోమవారం నివేదిక వచ్చింది. నూరు.

సంచాలకులు జతల జాబితా తెప్పించుకుని చూశారు. వంతెన, ఎదురుచూపు అన్న జతకి ఇద్దరూ అయిదు వేశారు. రైలు, ఏడుపు అన్న జతకీ అయిదే. సోడా, సాయంత్రం అన్నదానికి ఇద్దరూ అయిదు వేసి, పక్కనున్న గడిలో ఆరు వెయ్యడానికి వీలుంటుందా అని అడిగారు.

"వేరు చేయుట వలన ఏకాభిప్రాయము మరింత పెరిగినది," అన్నారు ఆయన నిట్టూర్చి. "నూటికి మించి అంకె లేదు కనుక మనకు కనిపించుట లేదు."

"కొత్త పెళ్ళి సార్ అది," అంది మంగతాయారు గారు. "ఐసు గదిలో పెడితే దిగేది కాదు. ఏళ్ళు గడిస్తే అదే దిగిపోద్ది. మాకు పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళండి. మా ఆయన్నీ నన్నూ కూర్చోబెట్టండి, యాభై కూడా రాదు."

ఆవిడ మాటవరసకి అంది. కానీ గజాననరావు గారి ఎదుట మాటవరసకి ఏదీ అనకూడదు. మర్నాడే ఆవిడ భర్త, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన చిట్టిబాబు గారు, లాల్చీ తొడుక్కుని వచ్చి తడిక ఇవతల కూర్చున్నారు. మంగతాయారు గారు అవతల కూర్చుంది. రెండు వందల జతలు పూర్తయ్యాయి. నలభై ఒకటి వచ్చింది.

ఆదివారం, విశ్రాంతి అన్న జతకి ఆయన అయిదు వేశారు, ఆవిడ సున్నా వేసింది. చేపలపులుసు, ఓపిక అన్న జతకి ఆవిడ అయిదు వేసింది, ఆయన సున్నా వేశారు.

"ఓపికేంటే, కుండ పొయ్యి మీద పెడితే అదే ఉడుకుద్ది కదా," అన్నారు చిట్టిబాబు గారు.

"చూశారా సార్," అంది ఆవిడ.

సంచాలకులు చూశారు. అంతకంటే ఎక్కువే చూశారు. తెల్లబోర్డు మీద గీత గీశారు. పెళ్ళయిన కొత్తలో నూరు. ఇరవై తొమ్మిదేళ్ళకి నలభై ఒకటి. అనగా ఏడాదికి రెండు చొప్పున క్షీణత. అనగా మూడేళ్ళు నిండిన దంపతులకు తొంభై నాలుగు. నిబంధనకు సరిపోవును.

ఉత్తర్వుల్లో రెండోది ఆ గీత కిందనే పుట్టింది. శ్రీమతి సువర్చల, శ్రీ తారకేశ్వర్ గార్లకు వివాహమునందు మూడు సంవత్సరముల నోషనల్ సీనియారిటీ మంజూరు చేయడమైనది. వారు తక్షణము మూడేళ్ళ క్రితమే వివాహమైన వారిగా పరిగణింపబడుదురు, తదనుగుణముగా మెలగవలెను.

ఏ మంచి పథకానికైనా రెండో అంచు ఉంటుంది. పక్క గదిలో లింగమూర్తి గారు, భద్రం గారు అనే ఇద్దరు పెద్దమనుషులు ఒకే జట్టుగా పనిచేస్తారు. ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న విషయమై రెండేళ్ళుగా వాళ్ళకి మాటల్లేవు. వాళ్ళ ఏకాభిప్రాయం అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. అదే ఉత్తర్వు చివరి పేరాలో వాళ్ళిద్దరూ నవదంపతులుగా పరిగణింపబడుదురని, శనివారం సాయంత్రం కలిసి బీచికి వెళ్ళవలెనని, ఒకే ఐస్‌క్రీము కొనవలెనని ఉంది. వెళ్ళారు. రెండు చెంచాలతో తిన్నారు. సోమవారం అరవై తొమ్మిది వచ్చింది. పథకం విజయవంతమైందని గోడకి అంటించారు.

*

మూడేళ్ళ దంపతులు ఎలా మెలగాలో నేర్పడానికి సంస్థ ఒక విభేద పరిశీలకుణ్ణి నియమించింది. ఆయన పేరు సన్యాసిరావు గారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పాటు, విడిపోతామని కోర్టుకి వచ్చిన జంటల్ని కూర్చోబెట్టి కలిపి పంపించిన మనిషి. కలపడం వచ్చినవాడికి విడదీయడం ఎంతసేపని సంచాలకులు తీర్మానించారు.

ఆయన సాయంత్రం అయిదున్నరకి వాళ్ళ అద్దె వాటాకి వచ్చి, చెప్పులు బయట వదిలి, కుర్చీలో కూర్చుని ఒక ఫారం తీశారు.

"టూత్‌పేస్టు మీరు మధ్యలో నొక్కుతారా, చివర నొక్కుతారా బాబూ?"

"మధ్యలోనండి."

ఆయన ముఖం వికసించింది. "అమ్మా, మీరు?"

"చివరండి. ఆయన మధ్యలో నొక్కితే చివర కొంచెం లావుగా మిగులుతుంది. నాకు నొక్కడానికి బాగుంటుంది."

ఆయన ఆ గడి కొట్టేశారు. "మీ అత్తగారి గురించి ఏదైనా సంకోచించకుండా చెప్పండి. నేను ఎవరికీ చెప్పను, కార్యాలయానికి తప్ప."

"మా అత్తగారు ఫోనులో చారు పెట్టడం చెప్పారండి. పోపు చిటపటలు ఇక్కణ్ణించి వినిపిస్తే, అవి సరిగ్గా ఉన్నాయో లేదో అక్కణ్ణించి చెప్పారు."

"బాబూ, మీ ఆవిడ చారు ఎలా ఉంది?"

"ఉప్పు వెయ్యడం మర్చిపోయిందండి."

"అలా రండి," అన్నారు సన్యాసిరావు గారు ముందుకి జరిగి. "మీరేమన్నారు?"

"గిన్నె పక్కన ఉప్పు పెట్టుకుని ఒక్కో గుక్కకీ ఇంత నాలుక మీద వేసుకున్నామండి ఇద్దరం. అలా తాగితే వేరే రుచి. రేపు మళ్ళీ అలాగే చేద్దామనుకుంటున్నాం."

సన్యాసిరావు గారు కలం మూత పెట్టేశారు. "ఆయ్, నా వల్ల కాదండి. నాలుగు వందల పన్నెండు జంటల్ని కుట్టిన సూది ఇది. దీనితో విప్పమంటే ఇంకో కుట్టు పడుతోంది." ఇంతలో ఆయన ఫోను మోగింది. "వస్తున్నానే. కొత్తిమీర మర్చిపోలేదు. మర్చిపోయావా అని నువ్వు అడిగితే మర్చిపోయినట్టేనా?" అంటూ ఫోను పెట్టేసి, "ఎంత సులువుగా వచ్చేసిందో చూడండి," అన్నారు బెంగగా.

ఆ సోమవారం కూడా నూరే వచ్చింది. మిగిలింది ఒక్క నివేదిక. కర్నూలు బదిలీ ఉత్తర్వు తారకేశ్వర్ పేరున టైపు చేసి, తేదీ ఒక్కటి ఖాళీ ఉంచి, మంగతాయారు గారు సొరుగులో పెట్టింది.

*

బుధవారం సాయంత్రం సువర్చల దొండకాయలు తరుగుతోంది. తారకేశ్వర్ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. కాసేపు దొండకాయ ముక్కల్ని చక్రాల్లా పేర్చాడు.

"పది జతలు చాలు," అన్నాడు. "రెండు వందల్లో పది. నేను ఒక్కో అంకె అటూ ఇటూ చేస్తాను. నిశ్చింతగా ఉండాలంటే పదకొండు. నువ్వు నీ పని నువ్వు చేసుకో. నీకు సంబంధం లేదు."

"తప్పు అంకెలు వేస్తారా?"

"తప్పంటే పెద్ద తప్పు కాదు. అయిదుకి బదులు మూడు."

"గొడుక్కీ వానకీ మూడు వేస్తారా?"

"గొడుగు పాడైపోదు, వాన ఆగిపోదు. మనం కలిసి ఉంటాం."

సువర్చల కత్తిపీట పక్కకి జరిపింది. "అది యంత్రానికి మనం చెప్తున్న మాటండీ. దానికి మన మాట తప్ప దిక్కులేదు. ఏమీ తెలియనిదాన్ని పట్టుకుని అబద్ధం చెప్తామా?"

"యంత్రం సంగతి నీకెందుకు? వచ్చే వారం నేను రైలెక్కితే అప్పుడు యంత్రం వచ్చి నీతో చారు తాగుతుందా?"

"అది కాదు."

"మరేది? పదే పది మాటలు, సువర్చలా."

"పదే కదా అని మీరు అక్కడ అబద్ధం వేస్తే, రేపు నాతో అన్న మాటల్లో ఆ పదీ ఏవి అని నేను వెతుక్కోవాలి."

అతని ముఖం ఎర్రబడింది. "నీకు నాకంటే ఆ అంకెలే ఎక్కువన్నమాట."

ఆమె కత్తిపీట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. అదే జవాబు అనుకుని అతను లేచి వెళ్ళి వరండాలో కూర్చున్నాడు. దొండకాయ కూర అడుగంటింది. ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు. పొద్దున్న పొయ్యి మొదటి తిప్పుకే అంటుకుంది గాని ఆ సంగతి సువర్చల గమనించలేదు. ఒకరు పాత వంతెన మీదుగా, ఒకరు కొత్త వంతెన మీదుగా వెళ్ళారు. ఈసారి ఉత్తర్వు కోసం వెళ్ళలేదు.

గురువారమంతా తూకం గదిలో కూర్చుని సువర్చల రెండు వందల జతలకీ అంకెలు వేసింది. ప్రతి జతనీ మామూలుకంటే ఎక్కువసేపు చూసింది. త్రాసులో పిచ్చుకలు వాలాయి. చీటీ రాయలేదు.

సాయంత్రం సోడా బండి దగ్గర అతను ముందే వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఒక్కటీ మార్చలేదు," అన్నాడు.

"నేను అడగలేదే."

"అడగలేదు కాబట్టే చెప్తున్నాను. పదకొండు ఏరుకుని పెట్టుకున్నాను కూడా. గొడుగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు." అతను సోడా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు బస్టాపులో సగం గొడుగు కింద నిలబడ్డ రోజు ఒకటి ఉంది కదా. ఆ రోజుకి మూడు ఎలా వెయ్యను?"

సువర్చల అతని చేతిలోని సోడా తీసుకుని సగం తాగి ఇచ్చింది. అంతటితో తగువు తీరిపోయింది. తగువైతే తీరింది గాని బదిలీ తీరలేదు. ఇద్దరూ నిజాయితీగా వేశారు కాబట్టి నూరు ఖాయం. ఆదివారం నాడు అతని పెట్టె సర్దారు. ఆమె మాగాయ సీసా గుడ్డలో చుట్టి పెట్టింది. అతను బట్టలు తక్కువ పెట్టుకున్నాడు, మళ్ళీ త్వరగా రావలసిన పని ఉండేటట్టు.

*

సోమవారం పదీ ఇరవైకి మంగతాయారు గారు సొరుగు తెరిచి తేదీ వెయ్యడానికి కలం తీసింది. తెర మీద అంకె వెలిగింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"తొంభై ఒకటి," అంది.

గజాననరావు గారు గదిలోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. పద్దెనిమిది జతల్లో తేడా. సన్యాసిరావు గారిని పిలిపించారు. ఆయన ఇద్దర్నీ నాలుగు ప్రశ్నలడిగి, బుధవారం నాడు దొండకాయలు తరుగుతుండగా సహజమైన, మేలురకమైన, ఎవరి ప్రోద్బలమూ లేని విభేదం కలిగినట్టు సంతకం చేసి ఇచ్చారు. బదిలీ ఉత్తర్వుని మంగతాయారు గారు నాలుగు మడతలు పెట్టి టీ గ్లాసు కింద వేసింది.

సువర్చల ఎగిరి గంతెయ్యవలసిందే. కానీ ఆమె చేతిలో ఆ పద్దెనిమిది జతల జాబితా ఉంది. పక్క నుంచి తారకేశ్వర్ చదువుతున్నాడు. నిజాయితీ, మొండితనం. అతను అయిదు, ఆమె సున్నా. కర్నూలు, ఇల్లు. అతను మూడు, ఆమె సున్నా. ఇద్దరి చూపులూ ఒక వరస దగ్గర ఆగిపోయాయి. భర్త, స్నేహితుడు. అతను అయిదు. ఆమె ఒకటి.

"ఒకటేనా?" అన్నాడు అతను మెల్లిగా.

"గురువారం పొద్దున్న అంతే అనిపించింది. అబద్ధం వెయ్యలేదు," అంది. "సాయంత్రం వరకూ ఆగి వేసి ఉంటే అయిదు వేసేదాన్ని." తలెత్తి, "తాయారు గారూ, ఇదొక్కటీ దిద్దుకోవచ్చా అండీ?" అని అడిగింది.

"దిద్దుకోవచ్చు. దిద్దడం మొదలెడితే పద్దెనిమిదీ దిద్దుతావు, మళ్ళీ నూరవుద్ది, మళ్ళీ ఆ ఉత్తర్వు గ్లాసు కింది నుంచి తియ్యాలి. వదిలెయ్యమ్మా."

"అయిదూ ఒకటీ అయితే సగటు మూడు. ఇంక రాష్ట్రంలో ఉన్న కంప్యూటర్లన్నీ భర్తంటే స్నేహితుడికి అయిదింట మూడు వంతులే చుట్టం అన్నట్టు అనుకుంటాయి కదండీ, నా మూలాన."

"మూడంటే తక్కువేం కాదు. మా ఆయన్ని అడుగు, కళ్ళకద్దుకుంటాడు," అంది మంగతాయారు గారు.

తారకేశ్వర్ ఆ జాబితా ఆమె చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "యంత్రం మూడనుకుంటే అనుకోనీ. నాకు సాయంత్రం అంకె తెలుసు," అన్నాడు.

సంచాలకులు అప్పటికే మూడో ఉత్తర్వు చెప్పి రాయించేస్తున్నారు. సాధింపబడిన విభేదమును నిలుపుకొనుట సంస్థ కర్తవ్యము. అందుకుగాను సదరు దంపతులకు నెలకొక దినము విభేద సెలవు మంజూరు చేయడమైనది. మొదటి సెలవు రేపు మంగళవారము నాడు వినియోగించుకొనవలెను. పరిశీలకులు వెంట ఉందురు. సెలవు దినమున ఆనందము కలిగినట్లు రుజువైనచో అది సాధారణ సెలవుగా మార్చబడి, ఖాతాలో ఒక దినము తగ్గింపబడును.

ఉత్తర్వు పట్టుకుని ఇద్దరూ వరండాలోకి వచ్చారు.

"ఉచితంగా ఒక రోజు," అన్నాడు తారకేశ్వర్. "ఉప్పాడ బీచికి వెళ్దాం. నువ్వు చూడలేదన్నావు కదా."

"వెళ్దాం. కానీ సాధారణ సెలవే రాద్దాం."

"ఎందుకు? ఇచ్చిన సెలవు ఉంది కదా."

"ఉప్పాడ వెళ్తే నాకు సంతోషంగా ఉంటుంది. ఉంటుందని ఇవాళే తెలుసు. తెలిసి తెలిసి విభేద సెలవు అని సంతకం పెట్టడం తప్పు కాదూ?"

"ముందే ఎందుకు తేల్చేస్తావు? దారిలో ఏదో ఒకటి రావచ్చు. పోట్లాట పుట్టవచ్చు."

"రాదు."

"వస్తుంది. సాధారణ సెలవులు మనకి ఏడాదికి ఎన్నున్నాయని ఇలా పాడుచేస్తావు?"

"సంతోషానికి వాడితే పాడుచెయ్యడమా?"

గజాననరావు గారు తలుపు సందులోంచి తల బయటపెట్టి, రెండు నిమిషాలు శ్రద్ధగా విని, "శుభం," అని లోపలికి వెళ్ళిపోయారు. సువర్చలకి నవ్వు వచ్చేస్తోంది. నవ్వితే ఎవరైనా రుజువు కింద రాసుకుంటారేమోనని చీర చెంగు అడ్డం పెట్టుకుంది. కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అతనూ తీసుకోలేదు.

మంగతాయారు గారు రెండు ఖాళీ అర్జీలు తెచ్చి వాళ్ళ మధ్య కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఇలా చెయ్యండి. పొద్దున్నపూట విభేద సెలవు, పన్నెండు నుంచి సాధారణ సెలవు. సగం సగం పెట్టుకోవచ్చు, పదకొండో నిబంధన ఉంది. రేపు ఎనిమిదిన్నరకి ఉప్పాడ బస్సు. దారిలో పోట్లాడుకోవాల్సింది ఏదైనా ఉంటే పన్నెండులోపు పోట్లాడేసుకోండి. సన్యాసిరావు గారికి కిటికీ పక్క సీటు ఆపితే ఆయన పన్నెండు గంటలకి సంతకం పెట్టేసి, వచ్చే బస్సుకి తిరిగొచ్చేస్తాడు. ఆ తరవాత ఏం చేస్తారో నాకు చెప్పొద్దు, రాసుకోవాల్సి వస్తుంది."